మా వార్డులో క్రైస్తవులు

నంద్యాలలో మా పేటవాళ్ల సమాధుల తోట నిండిపోయి చాలా కాలమైంది. మా అమ్మ పోయినప్పుడు వ్యానులో ఆళ్లగడ్డ దాకా తీసుకుపోయి, ఆమె పుట్టింటివాళ్ల పక్కన భూస్థాపన చేసి వచ్చాం. ఆ తర్వాతే సంఘమంతా సంతకాలు పెట్టి కొత్త స్థలం కోసం మున్సిపాలిటీకి అర్జీ ఇచ్చింది. "ఇంటింటి సర్వే వస్తాంది. మీరెంతమందో లెక్క తేలనీ," అన్నాడు అక్కడి గుమాస్తా.

సర్వే టీచర్లకు పడింది. మా వార్డును నేనే అడిగి తీసుకున్నాను.

ఆదివారం ఆరాధనలో సంఘ పెద్ద లేచాడు. "మతం అడిగితే ధైర్యంగా చెప్పండి. మనుషుల ముందు ప్రభువును ఒప్పుకోకపోతే రేపు ఆయన ముందు ఏ మొగంతో నిలబడతాం?" అన్నాడు. ఆయన మాకు చుట్టం కాదు, అయినా చిన్నాయనా అనే పిలుస్తాను. సండే స్కూల్లో నాకు వాక్యాలు కంఠతా పట్టించింది ఆయనే. నేను పదో తరగతిలో ఉండగా, బిడ్డ కాగితాల్లో అబద్ధం రాయించొద్దని మా నాయనకు చెప్పిందీ ఆయనే. నాయన క్రైస్తవులమనే రాయించాడు. అట్లా రాయిస్తే మా వాళ్లకు ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వరు. టీచరు ఉద్యోగం రెండుసార్లు చేతిదాకా వచ్చి పోయింది. ఆరేళ్లు ప్రైవేటు బడిలో చెప్పాక గానీ సర్కారు బడిలో ఉద్యోగం రాలేదు. ప్రభువు కోసమే కదా అనుకున్నాను.

సోమవారం మొదట ఆయనింటికే వెళ్లాను. వాక్యం రాసిన పటం కింద కుర్చీ వేసి టీ ఇచ్చారు. పేర్లు, వయసులు ఫోనులో ఎక్కించాను.

"మతం, చిన్నాయనా?" అడగాలి కాబట్టి అడిగాను.

"హిందూ అని కొట్టమ్మా."

తమాషా అనుకున్నాను. ఆయన నవ్వలేదు.

"మనవరాలికి నర్సింగు సీటు రావాల. సర్టిఫికెట్ పోతే మళ్లీ యాడ తెస్తాం?"

"మరి నా కాగితాలప్పుడు?"

"అప్పుడు మా ఇంట్లో ఆ అవసరం రాలేదు."

లోపలి నుంచి ఆయన భార్య అందుకుంది. "అందరూ అదే చెప్తారు, చూస్కో. నువ్వూ మీ నాయనే పిచ్చోళ్లు. మనమెవరో దేవునికి తెలీదా ఏంది?"

"దేవునికి తెలుసు పిన్నమ్మా. మున్సిపాలిటీకే తెలీదు."

పక్కనున్న 'క్రైస్తవ' గడి నొక్కడానికి నా వేలు పోయింది. చెప్పింది చెప్పినట్టు రాయడమే నా పని. రాశాను.

ఆమె అన్నట్టే అయింది. పాటలు ఎత్తుకునే అక్క అదే చెప్పింది, కానుకల సంచి పట్టేవాడూ అదే చెప్పాడు. గోడలు కట్టే బేల్దారి కూలికి పోయే ముసలాయన ఒక్కడు మాత్రం, "నాకేం ఉద్యోగమిస్తారు? కిరస్తానీ అనే రాయి," అన్నాడు.

వార్డులో క్రైస్తవ కుటుంబాలు అంతగా లేవని అర్జీ తిరిగొచ్చింది.

ఆ ఆదివారం ఆయన మోకాళ్ల మీద పడి, అధికారుల గుండెలు రాళ్లయ్యాయని, మా మట్టికి చోటివ్వమని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. అందరూ ఆమెన్ అన్నారు. నాకు నోరు రాలేదు.

బయట అడిగాడు: "ఏందమ్మా, ప్రార్థనలో కలవలేదే?"

"అధికారులకు రాయించి ఇచ్చింది మనమే గదా చిన్నాయనా."

ఆయన బైబిలు చంకలో పెట్టుకుని, వంగి చెప్పులు వెతుక్కోసాగాడు.