మొదటి బండికి ఆధారం

మా ముత్తాత మంజీర ఒడ్డున ఏడు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన కొడుకు, అంటే మా తాత, ఊరి శిస్తు వసూలు చూసే మాలీ పటేల్. తాలూకా కచేరీలో తహసీల్దారు ఎదుట కుర్చీ మీద కూర్చునే మర్యాద చుట్టుపక్కల కొద్దిమందికే ఉండేది, వాళ్లలో ఆయన ఒకరు. మా బాపు చెరుకు రైతుల్లో మాట చెల్లినవాడు. నిజాంసాగర్ కాలువ నీళ్ల వంతు దగ్గర తగాదా వస్తే జనం ఇంజనీరు కంటే ముందు ఆయన దగ్గరికి వచ్చేవారు. నేను నిజామాబాద్‌లో ఒక బీడీ కార్ఖానాలో ఇరవై ఆరేళ్లు కట్టలు సరిచూశాను. ఆడవాళ్లు ఇళ్లలో చుట్టి తెచ్చిన బీడీల్లో సరిగ్గా లేనివి ఏరి పక్కన పెట్టడం నా పని.

మేముండేది రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గదిలో గోడకు ఒక పటం ఉంది. అందులో మా తాత రుమాలు చుట్టుకుని, చెరుకు నింపిన ఎడ్లబండి కాడి మీద చెయ్యి వేసి నిలబడి ఉంటాడు. ఎడ్ల మెడలో బంతిపూల దండలు. కింద పసుపు అక్షరాలతో "బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చేరిన మొదటి చెరుకు బండి" అని ఉంటుంది. ఇంటికి ఎవరు వచ్చినా, చాయ్ తాగేటప్పుడు ఆ పటం ఎదురుగా కనపడేలా కుర్చీ వేసేవాణ్ణి. పొలం లేదు, ఊళ్లో ఇల్లు లేదు. మేము ఎవరిమో చెప్పడానికి నాకు మిగిలింది ఆ ఒక్క వాక్యమే.

నా కొడుకు బిడ్డ తొమ్మిదో తరగతి చదువుతోంది. పోయిన ఏడాది బళ్లో వాళ్లకు చరిత్ర ప్రాజెక్టు ఇచ్చారు. మన జిల్లాలో చెరుకు సాగు గురించి రాయాలి. బాగున్న వాటిని జిల్లా ప్రదర్శనకు పంపుతారట. పిల్ల నోటుబుక్కు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను నిటారుగా కూర్చుని, ఆమె రాసుకోవాల్సిన మాటల్లోనే చెప్పడం మొదలుపెట్టాను.

"రాయి. బోధన్ ఫ్యాక్టరీకి మొదటి చెరుకు బండి తోలింది మా తాతకు తాత."

ఆమె పటం వైపు చూసింది. "తోలింది ఆయన కాదు గద తాతా. బండి మీద ఇంకొకాయన కూసున్నడు."

"ఆయన జీతగాడు."

"పేరేంది?"

నాకు తెలియదు. "పంపింది అని రాయి" అన్నాను.

నాలుగు రోజుల తర్వాత నోటుబుక్కు వెనక్కి వచ్చింది. ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన "ఆధారం?" అని రాసి ఉంది. వెనుక పేజీలో నాలుగు గడులు. ఎవరు చెప్పారు, వాళ్లకు ఎలా తెలుసు, చూశారా విన్నారా, ఆధారం ఇప్పుడు ఎక్కడ ఉంది. ప్రతి ముఖ్యమైన మాటకూ ఈ నాలుగూ నింపాలట.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని బడికి వెళ్లాను. చరిత్ర చెప్పే మేడమ్ చిన్న వయసు మనిషి. నన్ను చూసి లేచి నిలబడి కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు.

"మా ఇంటి మాటకు ఆధారం అడిగినవాళ్లు మూడు తరాల్లో ఎవరూ లేరమ్మా" అన్నాను.

"అబద్ధమని నేను అనలే సార్. మీకు ఎట్ల తెలుసో రాయమన్న, అంతే. ఇంకో పిల్ల గూడ గిదే రాసుకొచ్చింది, వాళ్ల తాతోళ్ల బండే మొదటిదని. రుద్రూర్ దిక్కు వాళ్లు. ఇద్దరివీ ఎట్ల పెట్టాలె చెప్పుండ్రి."

నేను ఏదో అనబోయాను. ఆమె నవ్వింది.

"మా అమ్మ కట్టలు మీరే చూసేటోళ్లు సార్. ఒక్క బీడీ సన్నగున్నా కట్ట మొత్తం ఇప్పేటోళ్లు. ఇంటికొచ్చి మిమ్మల్ని మస్తు తిట్టేది. తిట్టి తిట్టి, ఆయన చూసిన కట్టకు మళ్ల వంక పెట్టే పని లేదు అనేది."

"ఆధారం తెస్తాను" అని వచ్చేశాను.

ఆధారం ఉందనే నా నమ్మకం. ఇంట్లో ఇనప బీరువా తెరిచి, అడుగున దాచిన పత్రిక పేజీ తీశాను. చాలా ఏళ్ల కిందట ఒక పత్రిక జిల్లా పేజీలో బోధన్ చెరుకు గురించి వ్యాసం వేసింది. మా తాత బండి సంగతి అందులో అచ్చయి ఉంది. మనవరాలు ఫోన్‌లో వెతికితే ఇంటర్నెట్లో కూడా అదే మాట దొరికింది. నా ఛాతీ ఉప్పొంగింది.

"చూసినవా? గోడ మీద ఉంది, పేపర్ల ఉంది, ఫోన్ల ఉంది. మూడు ఆధారాలు. పొయ్యి మీ మేడమ్‌కు చూపియ్యి."

ఆమె పేజీని, ఫోన్‌ను మంచం మీద పక్కపక్కన పెట్టి రెండూ మెల్లగా చదివింది.

"ఫోన్ల ఉన్నది పేపర్ల నుంచే దించిండ్రు తాతా. ఒక్క మాట గూడ మార్చలే. పేపరాయనకు ఎవలు చెప్పిండ్రు?"

"నేనే చెప్పిన."

"మరి పటం కింద రాసింది?"

"స్టూడియోల ఫొటో పెద్దగ చేయించినప్పుడు నేనే రాపిచ్చిన."

"అయితే మూడు కాదు. ఒక్కటే. నువ్వే."

ఆ మాటలో వెక్కిరింత ఏమీ లేదు, లెక్కల్లో జవాబు చెప్పినట్టు చెప్పింది. నాకు కార్ఖానా గుర్తుకొచ్చింది. ఒక్కతే చుట్టిన బీడీలను ముగ్గురి పేర్ల మీద తెస్తే, కట్ట చేతిలోకి తీసుకోగానే నాకు తెలిసిపోయేది. చుట్టు బిగువు, మూతి మడత అన్నీ ఒక్కలాగే ఉండేవి. ఇన్నేళ్లూ నా మాటే మూడు దారుల్లో తిరిగి నా దగ్గరికి వస్తే, దాన్ని ఊరందరి మాటగా అనుకున్నాను. నాకు చెప్పింది బాపు. ఫ్యాక్టరీ మొదలైనప్పుడు బాపు పసివాడు. ఆయన కూడా విన్నదే చెప్పాడు.

అయినా ఓడిపోయానని ఒప్పుకోలేదు. ఆ రుద్రూర్ వాళ్ల దగ్గర ఏముందో చూసి, వాళ్లది తప్పని తేలిస్తే మాది నిలబడుతుంది కదా అనుకున్నాను.

ఆదివారం నాడు మేమిద్దరం బోధన్‌లో బస్సు మారి రుద్రూర్ వెళ్లాం. దారిలో మూతపడిన ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపించింది. నా చిన్నప్పుడు చెరుకు తప్ప ఏమీ కనపడని చోట ఇప్పుడు చాలావరకు వరి. మేడమ్ చెప్పిన ఆ ఇంకో పిల్ల వాళ్ల తాత నాకంటే పదేళ్లు పెద్ద. నేను ఫలానా వాళ్ల మనవణ్ణని చెప్పగానే గుర్తుపట్టాడు.

"రాండ్రి దొరా, రాండ్రి. మీ తాత ముంగట మా నాయిన ఎన్నడు కూసోలే. మీరు కూసోండ్రి, మీ ముంగట నేను కూసుంట" అని నవ్వుతూ నా ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

ఫొటో తెచ్చాడు. అదే గేటు, అదే వరస దండలు, కొమ్ములకు అవే కుచ్చులు. మనిషి, బండి వేరు.

"రెండు బండ్లూ మొదటివి ఎట్లయితయి?" అన్నాను.

"ఎందుకు కావు? ఏటేటా ఫ్యాక్టరీ చాలూ అయిన దినం అందరికన్న ముంగట పోయిన బండికి పూజ జేసి దండలేస్తుండె. బోధన్ల ఒకాయన ఫొటో తీసిస్తుండె. ఏడాదికో మొదటి బండి దొరా. గిసొంటి ఫొటోలు ఎన్ని ఇండ్లల్ల ఉన్నయో."

"మరి మీ మనవరాలు మీదే అన్నిటికీ మొదటిదని రాసిందంట."

"రాయనీయుండ్రి. మీరు రాపియ్యలేదా?"

ఫొటో తిప్పి చూశాను. వెనుక ఉర్దూ అంకెల్లో, నిజాం కాలపు లెక్క ప్రకారం ఫసలీ సంవత్సరం ఉంది. అక్కడ ఆ అంకెలు చదవగలిగింది నేనొక్కణ్ణే, తాత నాకు నేర్పాడు. ఐదువందల తొంభై కలిపి ఇంగ్లీషు సంవత్సరం చెప్పాను. ఫ్యాక్టరీ మొదలైన ఏడు కాదది, తర్వాతిది. ముసలాయన తొడ మీద చరుచుకున్నాడు.

"పాయె! మా మొదటి బండి పాయె. ఇగ మీది చూపియ్యుండ్రి."

మనవరాలు తన ఫోన్‌లో మా పటం చూపించింది. ఆయన రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి, కిందికి జరిపి, కళ్లద్దాలు పైకి ఎత్తి చూశాడు.

"రబ్బరు టైర్లు గద దొరా గివి! మాయి కట్టె గిర్రలు. మాదే మొదటిది కాకుంటే, మీది దాని తమ్ముడు."

పిల్ల కూడా నవ్వింది. యాభై ఏళ్లుగా ఆ పటం రోజూ చూస్తున్నాను. తాత రుమాలు ఎన్ని చుట్లో చెప్పగలను. చక్రాల వైపు ఎప్పుడూ చూడలేదు.

"అసలు ఫొటో వెనుక చూస్తే మనది ఏ ఏడుదో తెలుస్తది గద తాతా. అది యాడుంది?" మనవరాలు పెన్ను పట్టుకుని అడిగింది.

ఇద్దరూ నా ముఖం చూస్తున్నారు. "చెదలు తిన్నయి" అన్నాను.

"అయ్యో" అన్నాడు ముసలాయన. పిల్ల నాలుగో గడిలో ఆ మాట రాసుకుంది.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ఆ గడి వైపే చూస్తున్నాను. గుండ్రటి అక్షరాలు. పైన ఎవరు చెప్పారు అన్న గడిలో నా పేరు. మొదటి బండి అన్న వాక్యం రుద్రూర్‌లోనే పోయింది. దాన్ని ఈ అబద్ధం కాపాడదు. మరి ఈ అబద్ధం దేన్ని కాపాడుతోంది? నన్ను. ఆ ముసలాయన తన ఫొటో తిప్పి నా చేతికిచ్చాడు. నేను చదివిన ఏడాదిని, నేను ఎదుటి పక్షమని తెలిసీ, మారు మాట లేకుండా నమ్మాడు. పిల్ల కూడా చెదలు అన్న మాటను నా నోటినుంచి వచ్చింది కాబట్టి అలాగే నమ్మింది. రేపు ఇంకెవరో దాన్ని చూసి రాసుకుంటారు.

చెదలు ఏమీ తినలేదు. ఊళ్లో ఇల్లు ఖాళీ చేసి ఈ రెండు గదుల్లోకి వచ్చినప్పుడు ఆ ఫొటో ఉన్న పెట్టెలు పెట్టడానికి చోటు లేదు. ఎవరింట్లోనన్నా కొన్నాళ్లు పెడదామని నా భార్య రెండుసార్లు చెప్పింది. మా పెట్టెలు మీ ఇంట్లో పెట్టుకోండి అని ఒకరి గడప దగ్గర నిలబడి అడగడం నాకు చేతకాలేదు. అడిగి ఉంటే ఇద్దరు ముగ్గురైనా కాదనకపోయేవారు.

బోధన్ బస్టాండులో దిగాక చెప్పాను.

"చెదలు అన్నది కొట్టెయ్యి."

"మరి ఏం రాయాలె?"

"నేను అమ్మిన."

"ఎందుకు తాతా?"

"దానికి మీ మేడమ్ గడి పెట్టిందా?"

"పెట్టలే." పెన్ను నాకు ఇచ్చింది. "నువ్వే రాయి. నువ్వు చెప్పంగ నేను రాస్తే అది విన్నదయితది. నువ్వు రాస్తే చేసినాయన రాసినట్టు."

సిమెంటు బల్ల మీద కూర్చుని, నోటుబుక్కు మోకాలిపై పెట్టుకుని రాశాను. పైన వాక్యాన్ని ముందు దిద్దాను: మా తాత బండి ఒక ఏడు అందరికంటే ముందు ఫ్యాక్టరీకి చేరింది, అది ఏ ఏడో తెలియదు. తర్వాత నాలుగో గడి. అసలు ఫొటో ఉన్న ఆల్బం, మాలీ పటేల్ దఫ్తరు కాగితాలు, అవి పెట్టిన రెండు టేకు పెట్టెలు నిజామాబాద్‌లో పాత కాగితాలు కొనే దుకాణానికి నేనే అమ్మాను.