కచ్చాకుట్ల చొక్కా

అమ్మమ్మ కుట్టిన బట్టకి వంక పెట్టిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. వంక పెట్టాలంటే ముందు బట్ట చేతికి రావాలి కదా! పసిపిల్లకి గౌను కుట్టమని ఇస్తే ఆ పిల్ల బడికి వెళ్ళే వయసుకి అందుతుందని వీధిలో నవ్వుకునేవారు. అమ్మమ్మ ఆ మాట వినీ విననట్టు మిషను తొక్కుకుంటూ ఉండేది. కుట్టు వెంట్రుకవాసి పక్కకి పోయిందా, మొత్తం విప్పేసేది. "సగం కుట్టిన బట్ట ఈ గడప దాటితే నా పరువు గడప దాటినట్టే" అనేది. ఎదురు చెప్పే ధైర్యం ఇంట్లో ఒక్కరికే ఉండేది.

ఆ ఒక్క మనిషీ లోపలిగది మంచం మీద ఉండేది. అమ్మమ్మకి స్వయానా అక్క, మాకు పెద్దమ్మమ్మ. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి మోచేతి దగ్గర మడతపడి అలాగే బిగుసుకుపోయింది. నోటికి మాత్రం ఏమీ కాలేదు. "పడిపోవాల్సింది నోరు. దారి తప్పి చెయ్యి పడిపోయింది" అని ఆవిడే చెప్పుకునేది.

రోజూ పొద్దున్నే బట్ట మార్చడం పెద్ద గండం. బిగుసుకున్న చేతిని చొక్కా చేతిలోకి దూర్చాలి. అమ్మమ్మ "అయిపోయింది, అయిపోయిందక్కా" అంటూ లాగేది. పెద్దమ్మమ్మ "అబ్బా!" అని ఒక కేక పెట్టి, ఆ తర్వాత చెల్లెల్ని ఉయ్యాల నాటి నుంచి వరసపెట్టి తిట్టేది. తిట్లయితే అమ్మమ్మకి అలవాటే. ఆ కేకే పడేది కాదు. ఒకరోజు కేక వినలేక పాత చొక్కా ఒకటి తీసి, మెడ నుంచి భుజం మీదుగా, చంక కింద నుంచి అంచు దాకా కత్తెర వేసింది. అంచులకి నాడాలు కుట్టింది. చొక్కాని మంచం మీద పరిచి, మనిషిని దాని మీద పడుకోబెట్టి, పైన కప్పి ముడి వేస్తే సరి. చెయ్యి కదపాల్సిన పనే లేదు. ఆ రోజు పెద్దమ్మమ్మ తిట్లకి సెలవిచ్చింది.

ఆ చొక్కా ఉతికి తీగ మీద ఆరేసిన రోజునే కంపెనీ పుట్టింది.

పైవాటాలో ఒక అమెరికా అబ్బాయి అద్దెకుండేవాడు. మనవాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి మసిలి మన మాట బాగా పట్టుకున్నాడు గానీ, మన నసుగుడు మాత్రం ఒంటబట్టలేదు. కడుపులో ఏముంటే నోట్లోకి అదే వచ్చేది. తీగ మీది చొక్కాని తిరగేసి మరగేసి చూసి, దాన్ని పట్టుకునే లోపలికి వచ్చేశాడు.

"ఇది ఎవరు చేశారు? అద్భుతం! మనం కంపెనీ పెడదాం."

తనతోనేనా అని అమ్మమ్మ వెనక్కి తిరిగి చూసుకుంది. "కంపెనీ అంటే మాటలా బాబూ? ఇంతకు ముందు పెట్టావా ఎప్పుడైనా?"

"రెండు పెట్టాను."

"ఎలా నడుస్తున్నాయి?"

"రెండూ మునిగిపోయాయి" అన్నాడు, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ.

అతను మెట్లెక్కగానే అమ్మమ్మ లోపలికి పరిగెత్తింది. "అక్కా, విన్నావా! రెండు కొంపలు ముంచానని బడిలో బహుమతి వచ్చినట్టు చెప్తున్నాడే!"

"మంచిదేగా. అన్నిసార్లు మునిగినవాడికి ఈపాటికి ఈత వచ్చే ఉంటుంది" అంది పెద్దమ్మమ్మ. "నాలా మంచాన పడ్డవాళ్ళు ఊరినిండా ఉన్నారు. పెట్టవే."

మనవాళ్ళు కొట్టు పెట్టాలంటే బావమరిదితో మొదలుపెట్టి పాలవాడి దాకా అందరినీ సలహా అడుగుతారు. అందరూ వద్దన్నాక పెడతారు. అమెరికా అబ్బాయి ఎవరినీ అడగలేదు. మర్నాడే కంపెనీ ఉందన్నాడు, ఉంది. దాన్ని స్టార్టప్ అంటారని చెప్పాడు. వరసలు కలపడం అతనికి చేతకాదు. పిన్నిగారూ అనడు, అమ్మగారూ అనడు, "పార్ట్‌నర్" అంటాడు. ఈ పిలుపు వదినకి ఎక్కువా అత్తకి తక్కువా అని అమ్మమ్మ మొదట్లో ముడుచుకుపోయింది. పోను పోను ఆ పిలుపు కోసమే మెట్ల చప్పుడు వింటూ కూర్చునేది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడని ఎవరూ అంత సమానంగా పిలవలేదు.

కొత్త చొక్కాలకి కాగితం మీద అచ్చు తియ్యాలి. అందుకని తీగ మీది పాత చొక్కానే విప్పి ముక్కలు చేసింది.

"ఒసే చిన్నదానా, ఉన్న ఒక్కటీ విప్పేస్తే నేనేం వేసుకోవాలే?" అంది పెద్దమ్మమ్మ.

"అదొక గుడ్డపీలికక్కా. రేపో ఎల్లుండో అసలైంది కుడతాగా."

మర్నాటి నుంచి మళ్ళీ ఆ బిగుతు చేతుల చొక్కాయే. మళ్ళీ "అబ్బా!"

ముందుగదిలో మంచం చొక్కాలు గుట్టపడ్డాయి. అమెరికా అబ్బాయి ఒకటి ఎత్తి చూసి, "చాలు పార్ట్‌నర్. ఉన్నవి ఉన్నట్టు పంపిద్దాం. ఎక్కడ బాగాలేదో వాళ్ళే చెప్తారు. అప్పుడు మారుద్దాం" అన్నాడు. చివాట్లు తినడానికి ఎదురెళ్ళే మనిషిని అమ్మమ్మ అప్పుడే చూడటం. తప్పుందని తెలిసి తెలిసి ఇస్తామా అని గొంతు దాకా వచ్చింది. కానీ ఎదుటి మనిషి ముఖం మీద కాదనడం ఆవిడ ఇంటా వంటా లేదు.

"అలాగే బాబూ" అంది.

అతను ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. అమ్మమ్మ తలుపు గడియ పెట్టి, ఒక చొక్కా తనే తొడుక్కుని, కుడిచేతిని కొలతల టేపుతో ఒంటికి కట్టేసుకుని నేల మీద పడుకుంది. అనుకున్నట్టే నాడా ముడి పక్కలో ఒత్తుకుంది. లేవబోతే లేవలేకపోయింది.

"ఒసే, పిలుస్తుంటే పలకవేం? ఎక్కడున్నావే?" లోపలి నుంచి కేక.

"ఇక్కడే అక్కా, నేల మీద."

"నీకూ వచ్చిందా పక్షవాతం?"

"కాదు, కంపెనీ వచ్చింది!"

నాడాలన్నీ విప్పేసి టిచ్ బటన్లు కుట్టింది. అవి ఒంటికి చల్లగా తగులుతున్నాయని విప్పేసింది. చెప్పులకుండే అతుకు పట్టీ వేసింది. ఊడదీస్తే బర్రుమని, పడుకున్నవాళ్ళు ఉలిక్కిపడతారని అదీ విప్పేసింది. అమెరికా అబ్బాయి రోజూ తొంగిచూసి "ఎంతవరకు వచ్చింది?" అని అడగడం, అమ్మమ్మ "అయిపోవచ్చింది బాబూ" అనడం. "అద్భుతం!" అని అతను వెళ్ళిపోయి, ఆ మాట నమ్ముకుని ముసలివాళ్ళని చూసుకునే ఒక ఆసుపత్రికి ఫలానా రోజు సరుకిస్తామని చెప్పేశాడు.

ఒకసారి వచ్చి పెద్దమ్మమ్మ మంచం పక్కన కూర్చున్నాడు. ఆవిడ ఒంటి మీదున్నది చూసి తెల్లబోయాడు. "ఇదేమిటి? మన చొక్కా ఏది?"

"నన్నడుగుతావేం నాయనా? మీ పార్ట్‌నర్ని అడుగు."

అతను తిన్నగా మిషను దగ్గరికి వెళ్ళాడు. "పార్ట్‌నర్, మొదటిది మీ అక్కగారికి ఇవ్వండి. ఈ రోజే. ఆవిడ తిడతారు. ఆ తిట్లు మనకి కావాలి."

"అలాగే బాబూ."

ఇవ్వలేదు. సాయంత్రం అన్నం తినిపిస్తుంటే పెద్దమ్మమ్మే అడిగింది. "పైపైన కచ్చాకుట్లు వేసిందైనా ఇవ్వవే. ఇక్కడ నన్ను చూసేదెవరు, గోడమీది బల్లి తప్ప?"

అమ్మమ్మ ఇంకో ముద్ద కలిపింది. "చిన్నప్పుడంతా నువ్వు విడిచినవే కట్టానక్కా. మోచేతులు చిరిగినవి, బొత్తాలు ఊడినవి. నాదంటూ ఒక్క కొత్త బట్ట లేదు. ఈ ఒక్కటీ నీకు కొత్తది ఇవ్వాలి. వంక లేనిది."

"చెయ్యే ఇలా ఉంటే వంక లేని చొక్కా ఏం చేసుకోనే?"

"అందుకే" అంది అమ్మమ్మ, ముద్ద నోట్లో పెట్టి.

ఆసుపత్రికి సరుకు వెళ్ళాల్సిన పొద్దున అమెరికా అబ్బాయి వీధిలో బండి ఆపి లోపలికి వచ్చాడు. ముందుగది నిండా చేతులొక చోట, వీపులొక చోట, విప్పిన దారాలొక చోట. మధ్యలో అమ్మమ్మ, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి.

తిడతాడని ఎదురుచూసింది. మనవాళ్ళయితే ఈపాటికి వీధి వీధంతా గుమిగూడేది. ఇద్దరూ అరుచుకుని, ఇక జన్మలో ముఖం చూడనని ఒట్టేసుకుని, మధ్యాహ్నానికి ఎవరో ఒకరు రాజీ చేస్తే సాయంత్రానికి పని మొదలయ్యేది. అతను అరవలేదు. గుడ్డలు పక్కకి జరిపి నేల మీద కూర్చున్నాడు.

"పార్ట్‌నర్, ఇది నడవడం లేదు. ఆపేద్దాం."

"ఒక్క వారం బాబూ. ఈసారి మెత్తటి గుడ్డ పట్టీలు..."

"ఎప్పుడూ ఒక్క వారమే అంటారు. మీరు ‘అలాగే’ అన్న ప్రతిసారీ నమ్మాను. కాదని ఒక్కసారి చెప్పి ఉంటే పోట్లాడుకునేవాళ్ళం. పోట్లాడుకుని ఉంటే పని అయ్యేది."

లేచి ఆవిణ్ణి దగ్గరికి తీసుకుని, చాలా నేర్చుకున్నానని, థాంక్స్ అని చెప్పి వెళ్ళిపోయాడు. అమ్మమ్మ గుంజలా నిలబడిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టినవాడు మళ్ళీ వస్తాడు.

ఓ రోజు వీధి చివర ఇస్త్రీ ఆయన కంపెనీ సంగతి అడిగితే అమ్మమ్మ, "ఆ బాబుకి ఏవో పనులు తగిలాయి. కొన్నాళ్ళు ఆపాం" అని సర్ది చెబుతోంది. అంతలో అమెరికా అబ్బాయి తన చొక్కా కోసం అక్కడికే వచ్చాడు.

"మా కంపెనీ పోయిందండీ! ఇది మూడోది" అన్నాడు, పలకరింపుగా.

ఇస్త్రీ ఆయన ఆవిడ వంక, అతని వంక మార్చి మార్చి చూశాడు. పెట్టె కదపడం మరిచిపోయి చొక్కా కమురు వాసన వచ్చింది. అమ్మమ్మ తల వంచుకుని వెనక సందులోంచి నడిచింది. అతను వెంటపడ్డాడు.

"ఊరంతా ఎందుకు చెప్తావు బాబూ?"

"ఎందుకు దాచాలి? మంచి పనే చేశాం. ఓడిపోయాం. అంతే కదా!"

అతనికి అంతే. పలక తుడిచి ఇంకో లెక్క వేసుకుంటాడు. అమ్మమ్మకి అది ముఖాన వేసిన వాత. ఆ రోజు నుంచి మిషను పక్కనున్న వీధి కిటికీ తెరవలేదు. మేం ఏడిపిద్దామని "పార్ట్‌నర్‌గారూ!" అని పిలిస్తే, ఎప్పుడూ గరిటె విసిరే మనిషి, లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఇంక అలా పిలవలేదు.

చలి ముదిరింది. పెద్దమ్మమ్మకి దగ్గు పట్టుకుంది. "కంపెనీ పోయి శని వదిలింది కదా. ఇప్పుడైనా నాకొకటి కుట్టవే" అంది దగ్గు మధ్యలో.

అమ్మమ్మ మెత్తటి నీలం గుడ్డ తీసింది. ఈసారి అచ్చు కాగితం పక్కన పడేసి, అక్క ఒంటి కొలతలే తీసుకుంది. గుడ్డ పట్టీలు పెట్టి, తెల్లదారంతో కచ్చాకుట్లు వేసి చూసుకుంది. అంతా కుదిరింది గానీ ఎడమ భుజం కాస్త జారింది. పెద్దమ్మమ్మ మంచం మీద నుంచి చెయ్యి చాపింది, బాగున్న చెయ్యి. "ఇలా తేవే, చూస్తాను."

"రేపక్కా. భుజం విప్పి మళ్ళీ కుట్టి తెస్తా."

పొద్దున్నే వేన్నీళ్ళూ తువ్వాలూ పట్టుకుని లోపలికి వెళ్తే తిట్లు వినబడలేదు. అమ్మమ్మ నీళ్ళు కింద పెట్టి గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చారు. ఒకావిడ బీరువాలోంచి మంచి చొక్కా ఒకటి తీసి, బిగుసుకున్న ఆ చేతిని దూర్చబోయింది.

"ఆగండి!" అంది అమ్మమ్మ. అంత గట్టిగా ఆవిడ ఎవరినీ కాదనడం మేమెప్పుడూ వినలేదు.

ముందుగదిలోకి వెళ్ళి నీలం చొక్కా తెచ్చింది. తెల్లటి కుట్లు పొడుగు పొడుగ్గా కనబడుతున్నాయి, చివర ఒక దారం వేలాడుతోంది. కింద పరిచి, అక్కని దాని మీదికి జరిపి, పైన కప్పి, పట్టీలు ఒక్కొక్కటే ముడి వేసింది. చెయ్యి ఎలా ఉన్నది అలాగే ఉంది. అలవాటు చొప్పున "అయిపోయింది, అయిపోయిందక్కా" అంది.

అమెరికా అబ్బాయి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"చెప్పు బాబూ. ఎలా కుదిరింది?"

అద్భుతం అంటాడనుకున్నాం. అతను ముందుకి వంగి చూశాడు. "ఎడమ భుజం కొంచెం జారింది, పార్ట్‌నర్."

ఉన్నవాళ్ళందరూ అతన్ని కొట్టేలా చూశారు. అమ్మమ్మ మాత్రం తలూపింది. "జారింది. ఇవాళ విప్పుదామనుకున్నాను."

కత్తెర పక్కనే గోడకి ఉంది. దాని వైపు చూడలేదు. వంగి, వేలాడుతున్న దారాన్ని పంటితో తుంచింది. మిగతా కుట్లు అలాగే వదిలేసింది.

తర్వాత నలుగురూ కలిసి ఎత్తుకున్నారు. ఆ ఇంటి గడప దాటిన సగం బట్ట అదొక్కటే.