అత్తయ్య పూలగిన్నె అడుగున దొరికిన పాట

నిన్న నాగోల్‌లో మా మేనత్త ఇంటికి వెళ్లాను. షోకేసులో ఆ నల్లటి పూలగిన్నె ఇంకా ఉంది. చూడగానే ఒళ్లు మండింది.

మన ఈడువాళ్లకు గుర్తుందా? పాటల రికార్డును వేడినీళ్లలో మెత్తబరిచి, అంచులు పూరేకుల్లా వంచి, అందులో ప్లాస్టిక్ గులాబీలు పెట్టేవాళ్లు. మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. కానీ మా అత్తయ్య వంచిన రికార్డు నాన్నకు ప్రాణం.

నాచారం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి, స్నానమైనా చేయకుండా దాన్నే పెట్టేవాడు. అరవైలనాటి రాక్ బ్యాండు, ఎవరికీ తెలియనిది. గిటారు రంపంలా గరగరలాడేది. పాడేవాడు బావిలోంచి అరుస్తున్నట్టు ఉండేది. వేడెక్కిన ప్లేయరు వాసన పీలుస్తూ నేనూ నాన్నా తలలూపేవాళ్లం.

"గా పిచ్చి కేకలు ఎవరింటరని గిన్నె జేసిన అన్నా. మంచిగుందా?" అంది అత్తయ్య ఒకరోజు, మా ఇంట్లోంచి పట్టుకెళ్లిన ఆ రికార్డుతో చేసిన గిన్నె నాన్నకు చూపిస్తూ.

"మంచిగుంది" అన్నాడు నాన్న. తను పోయేదాకా మళ్లీ ఆ ప్లేయరు మూత తీయలేదు.

నిన్న ఆ గులాబీలు పీకి చూశాను. గిన్నె అడుగున లేబుల్ చెక్కుచెదరలేదు. పేరు చదివి, ఫోన్‌లో వెతికి, అత్తయ్య వాళ్ల టీవీ స్పీకర్‌కు కలిపి ఫుల్ సౌండ్ పెట్టాను.

అత్తయ్య చెవులు మూసుకుంది. "ఏందే గీ లొల్లి! జర ఆపు, నెత్తి నొస్తున్నది."

"నీ గిన్నెల పాటే అత్తా" అన్నాను, గిన్నె బోర్లించి కింది లేబుల్ చదువుతూ. "కూసో. ఇంకా రెండో సైడున్నది."