నీళ్లు పారబోయమనే డాక్టరు

ఎంబీబీఎస్ అయ్యాక నా ర్యాంకుకు పిల్లల వైద్యంలో సీటు వచ్చేది. నేను మాత్రం కమ్యూనిటీ మెడిసిన్ తీసుకున్నాను. జబ్బులు రాకుండా చూసే చదువు అది. కడప జిల్లాలో మగ్గం నేసే మా నాయనకు ఫోన్లో చెప్పాను.

"జబ్బే రాకపోతే నీ కాడికి ఎవరొస్తారమ్మా?" అన్నాడు.

ఎండీ అయితే మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పొచ్చని, జిల్లా ఆరోగ్య శాఖలో పెద్ద ఉద్యోగాలున్నాయని ఏకరువు పెట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లయింది. నేను క్లినిక్కు పెడతానని ఇంటి ముందు గదికి సున్నం కూడా వేయించిన మనిషి మరి. ఆ తర్వాత "అన్నం తిన్నావా" అనడం తప్ప నాతో మాట్లాడింది లేదు. నాకు చాలా బాధగా ఉండేది. ఊరంతా ఏమనుకున్నా సరే, ఆయన ఒక్కడు ఒప్పుకుంటే చాలనుకునేదాన్ని.

ఎండీ రెండో ఏడు వానాకాలంలో నూలు పనిమీద నేను చదివే కర్నూలుకు వచ్చి, నన్ను చూడడానికి ఆటోలో ఊరి పక్కనున్న కల్లూరు దాకా వచ్చాడు. అక్కడొక కాలనీలో డెంగీ జ్వరాలు. నేనేమో ఒక పెరట్లో సిమెంటు తొట్టిలోకి టార్చి కొట్టి చూస్తున్నాను. నీళ్లు నిలవుంటే దోమలు పుడతాయి, వారానికోసారి తొట్టి ఖాళీ చేసి తోమి ఆరబెట్టాలి. మా పుస్తకాల్లో అది ఒక్క వాక్యం. ఆ ఇంటి అవ్వ తొట్టికి అడ్డం నిలబడింది.

"నీళ్లు పారబోయమనేకి నోరెట్లొచ్చిందమ్మా? ఈ సీమలో పుట్టినదానివేనా?"

ఈ సీమలోనే పుట్టాను. మా అమ్మ బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయదు. అందుకే కోపం దిగమింగి, మాట మార్చాను.

"పారబోయొద్దులేవ్వా. నల్లా వచ్చే ముందురోజు ఈ నీళ్లతోనే బట్టలుతుక్కో. మిగిలినవి చెట్లకు పొయ్యి. తొట్టి అదే ఖాళీ అయితాది. అప్పుడు రుద్ది ఆరబెట్టు."

అవ్వకు నమ్మకం కుదరలేదు. వాకిట్లో నిలబడ్డ మా నాయన వైపు తిరిగింది.

"ఏమప్పా, ఈ పిల్ల చెప్పేది నిజమేనా?"

ఆయన లోపలికి వచ్చి, నా చేతిలో టార్చి తీసుకుని, తొట్టి మీదికి వంగాడు. వెలుతురు పడగానే దోమ పురుగులు వంకర్లు తిరుగుతూ అడుగుకు పోయాయి. ఏమంటాడో!

"నా బిడ్డ డాక్టరు," అన్నాడు. "చెప్పినట్ల చెయ్యవ్వా. ఇంటికి పోతానే మేమూ చేస్తాం."

నేను అవ్వ ముందే ఏడ్చేశాను.