తేమ తీసేసిన లెక్క

పిల్లి తిండిలో నీళ్ళకు డబ్బు కట్టేది లేదని తేల్చి చెప్పి, కోదాడలో ఒక దుకాణదారుడి నోరు మూయించిన మనిషిని నేను. పొడి తిండి బస్తా ధరలో నాలుగో వంతు కోయించి, పైన ఒక స్టీలు గిన్నె ఊరికే పట్టుకొచ్చాను. సూర్యాపేటలో కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినవాణ్ణి. అంతకంటే చెడ్డ బేరం మా వంశంలో ఎవరూ చేసి ఉండరు. ఆ రోజు మాత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని నన్ను నేనే మెచ్చుకున్నాను.

పదవీ విరమణకు ఏడాదిన్నర ముందు, యాసంగి వడ్లు వస్తున్న రోజుల్లో, నన్ను మిర్యాలగూడ గోదాములకు వేశారు. హోదా టెక్నికల్ అసిస్టెంట్, నాణ్యత విభాగం. పేరు బరువుగా ఉంటుంది కానీ పని సులువుగానే చెప్పవచ్చు. బస్తాలో గొట్టం గుచ్చి గింజలు తీయాలి. తాలు, రాళ్ళు, రంగు మారిన గింజలు వేరు చేయాలి. మీటరులో వేసి తేమ చూడాలి. సరుకు చెల్లుతుందో లేదో రాసి సంతకం పెట్టాలి. వడ్లలో పదిహేడు శాతం తేమ వరకు చెల్లుతుంది. అంతకు మించితే ఆరబోసుకు రమ్మంటాం. తేమ పేరుతో తూకంలో కోసే కోతను మా దగ్గర తరుగు అంటారు. అది రూల్సులో ఉండదు, కాంటా దగ్గర ఉంటుంది. నా ఉద్యోగమంతా ఒక్క నమ్మకం మీద నడిచింది: నీళ్ళు బరువు పెంచుతాయి, విలువ పెంచవు.

బియ్యం బస్తాల దొంతరలకు పురుగు పడితే వాటి మీద పెద్ద ప్లాస్టిక్ కవరు కప్పి, అంచుల మీద ఇసుక సంచులు పేర్చి, లోపల మందు బిళ్ళలు పెడతాం. వారం దాకా తెరవం. ఆ గాలి పీల్చిన ప్రాణి బతకదు. కాబట్టి కవరు కప్పే ముందు లోపల ఏ ప్రాణీ లేదని నాణ్యత విభాగం వాళ్ళు చూడాలి. ఎలుకల కోసం గోదాముల్లో పిల్లులను ఎవరూ తరమరు. అన్నీ అలికిడికే పారిపోతాయి, ఒక్కటి తప్ప. ఎర్రటి మగ పిల్లి, ముందు కాలు కుంటి. దొంతర మీద బోర్లా పడుకుని వచ్చే పోయే లారీలను చూస్తుంది కాబట్టి హమాలీలు దానికి సేటు అని పేరు పెట్టారు. దాన్ని ఆ వారం నా గదిలో ఉంచాను. కవరు తీశాక తీసుకెళ్ళి గోదాములో వదిలాను. సాయంత్రానికి నా గడప మీద ఉంది.

గది గోదాము వెనక సందులో కిరాయిది. ఒక మంచం, ఒక గ్యాసు పొయ్యి. నా భార్య పోయి అప్పటికి నాలుగేళ్ళు, పిల్లలు లేరు. ఆదివారం వస్తే పాలు పోసే అతనితో ఒక మాట, హోటల్లో ఒక మాట, అంతటితో నోటి పని అయిపోయేది. సేటు వచ్చాక "జరుగు" అనే మాట రోజుకు ఎన్నోసార్లు అనవలసి వచ్చింది. సగం కుర్చీ అది ఆక్రమించుకునేది, సగంలో నేను కూర్చునేవాణ్ణి.

అప్పుడప్పుడు కోదాడ పక్కన అనంతగిరి కొనుగోలు కేంద్రాలకు నన్ను తనిఖీకి పంపేవారు. ఆ దారిలోనే కోదాడ దుకాణం. దుకాణదారుడు నా ముందు చిన్న తడి తిండి ప్యాకెట్లు పెట్టాడు.

"దీంట్ల నీళ్ళెంత?"

"ఎనభై శాతం అండి. దాని మీదే రాసుంది చూడండి."

"అంటే అయిదు కొంటే నాలుగు నీళ్ళే. గిసుంటి సరుకు మా గోదాముకు తెస్తే లారీని గేటు దాటనియ్య."

"ఇవి వడ్లు కాదండి బాబూ. మగ పిల్లికి తడిదే మంచిదండి."

"అమ్మెటోనివి, నువ్వట్లనే అంటవ్."

పొడి తిండిలో తేమ పది శాతమే. అంత ఎండిన సరుకు నా సర్వీసులో చూడలేదు. బస్తా కొన్నాను.

నెల దాటాక ఒక పొద్దున, గోదాము ఊడ్చే మంగ్లి నా గది ముందు ఆగింది. పెన్‌పహాడ్ దగ్గరి తండా నుంచి వచ్చి పనిచేస్తున్న మనిషి. సేటు అంటే ఆమెకు అలుసు, ఇష్టం కూడా. "సారూ, నీ సేటు మట్టి తొట్ల కూసుంటుండు, లేస్తుండు. ఒక్క సుక్క పడ్తలేదు. ఒకపారి సూడు" అంది. మలబద్ధకమేమో అనుకున్నాను. మధ్యాహ్నానికి అది అరవడం మొదలుపెట్టింది. కోదాడ దుకాణదారుడికి ఫోన్ చేస్తే, "ఒక్క గంట కూడా ఆగకండి" అని సూర్యాపేటలో పిల్లులను చూసే ఒక డాక్టరమ్మ చిరునామా చెప్పాడు.

డాక్టరమ్మ మాట తీరు కోదాడ వైపుది. సన్నని గొట్టం వేసి మూత్రం తీసింది. మగ పిల్లికి మూత్రనాళం ఇరుకని, పిల్లులు దాహం వేసినా నీళ్ళు సరిగా తాగవని, పొడి తిండి మీదే ఉంటే కొన్నిటికి మూత్రం చిక్కబడి ఇసుకలాంటిది అడ్డుపడుతుందని వివరంగా చెప్పింది. ఆ తరువాత తిండి లెక్క.

"నాలుగు కిలోల పిల్లి. రోజుకు రెండు వందల కెలొరీలు కావాలి. ప్యాకెట్‌కి డెబ్బై అని రాసుంది. ఎన్ని పెట్టాలండి?"

"మూడు."

"మూడే. పొద్దున్నించి రాత్రి దాకా నాలుగు పూటలుగా పెట్టండి. పూటపూటకీ రెండు చెంచాల నీళ్ళు కలపండి. వారానికోసారి బరువు చూడండి. తగ్గితే అర ప్యాకెట్ పెంచండి, పెరిగితే అర తగ్గించండి. పొడిది ఒక్క గింజ కూడా వద్దు."

"రెండు పెడితే సరిపోదామ్మా?"

"ఇది బేరమాడే లెక్క కాదండి."

తూకం నాకు రాని విద్య కాదు. సేటును ఎత్తుకుని కాంటా ఎక్కి, దించి, ఒక్కణ్ణే మళ్ళీ ఎక్కి, తేడా రాసుకునేవాణ్ణి. హమాలీలు పని ఆపి చూసేవారు. "సారు, బస్తాకు తోకెందుకున్నది?" అని ఒకడు, "తేమ సూసినవా మరి?" అని ఇంకొకడు.

అసలు చిక్కు గదిలో మిగిలిన సగం బస్తా. గోదాములో మొదటి నియమం, ముందు వచ్చిన సరుకు ముందు పోవాలి. పాతది ఉండగా కొత్తది తీస్తే మెమో ఇస్తారు. మా నాన్న కొట్లో మెమో ఉండేది కాదు, చెంపదెబ్బ ఉండేది. సగం బస్తా పారేయడానికి నా చేతులు రాలేదు. కూర్చుని లెక్క వేశాను. మూడు ప్యాకెట్లలో తేమ తీసేస్తే మిగిలే ఘనపదార్థం యాభై గ్రాముల చిల్లర. ఒకటిన్నర ప్యాకెట్‌లో దాంట్లో సగం. మిగతా సగానికి సరిపడా పొడి తిండి తూచి కలిపితే డాక్టరమ్మ చెప్పినంతా దాని కడుపులో పడినట్టే. గ్రాము తేడా రాలేదు. నా సర్వీసులో నేను వేసిన శుద్ధమైన లెక్కల్లో అదొకటి.

నేను చిన్న త్రాసులో పొడి గింజలు తూస్తుంటే మంగ్లి చూసింది.

"పిల్లికి గూడ తరుగు కొడ్తున్నవా సారూ?"

"తరుగు కాదే, సరిసమానం. పాత సరుకు ఖతం కానియ్యి, ఇగ మొత్తం తడిదే."

"డాక్టరమ్మ వద్దన్నది గదా?"

"డాక్టరమ్మకు లెక్క తెలుసు, స్టాకు తెల్వదు."

మూడు వారాలు కాంటా నా పక్షానే మాట్లాడింది. నాలుగు కిలోలు, నాలుగు కిలోలు, మళ్ళీ నాలుగు కిలోలు. సేటు గిన్నె ఖాళీ చేసేది, సాయంత్రం సగం కుర్చీ తీసుకునేది. బస్తా మెల్లగా దిగుతూ వచ్చింది.

నిడమనూరు కేంద్రంలో తనిఖీ ముగించుకుని చీకటి పడే వేళకు గదికి వచ్చిన రోజు, కుర్చీ మొత్తం ఖాళీగా ఉంది. సేటు మంచం కింద గోడకు ఆనుకుని ఉంది. పిలిస్తే తల తిప్పలేదు. కడుపు తాకితే రాయిలా ఉంది. పొద్దున నేను తాళం వేసి వెళ్ళాను. అది ఎప్పటినుంచి అలా ఉందో చెప్పగలిగే మనిషి ఆ గదిలో లేడు. ఆటో మాట్లాడుకుని, బుట్టలో తువ్వాల పరిచి, సూర్యాపేట దాకా ఒళ్ళో పెట్టుకున్నాను. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాను. ఆటో డ్రైవరు ఫోన్‌లో ఎవరితోనో అనుకుని పాట తగ్గించాడు.

డాక్టరమ్మ గొట్టం వేసి, సెలైన్ పెట్టి, రక్తం తీసి, ఏం పెడుతున్నారని అడిగింది. నా లెక్క చెప్పాను. ఆమె కోప్పడలేదు. కాగితం మీద తానే ఒకసారి వేసి చూసింది.

"ఘనపదార్థం సరిగ్గా వచ్చిందండి. నీళ్ళు సగానికి పడ్డాయి. నేను రాసింది నీళ్ళ కోసం."

మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, రెండు రాత్రులు చూద్దామని చెప్పింది. మా తమ్ముడి ఇల్లు అక్కడికి నడిచిపోయేంత దూరం. పిల్లి కోసం వచ్చానని ఎలా చెప్పాలో తెలియక వెళ్ళలేదు. బస్టాండులో కూర్చున్నాను, తెల్లారాక క్లినిక్ బెంచీ మీద కూర్చున్నాను. మధ్యాహ్నం లోపలికి పిలిచారు. సేటు పక్కకు తిరిగి పడుకుని ఉంది, కుంటి కాలు పైకి వచ్చేలా, డొక్క కదలకుండా. ఆ భంగిమలో అది నా దగ్గర ఎప్పుడూ పడుకోలేదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు తేమ మీటరు పట్టుకునే ముందు ఒక సంగతి గుర్తుంచుకుంటే మంచిది. సరుకులో దేన్ని కోయాలన్నది, ఆ సరుకు ఎవరికి పోతుందో తెలిశాకే తేల్చాలి. నిల్వకు వెళ్ళే ధాన్యంలో నీళ్ళు నష్టం. ఆ పిల్లికి నీళ్ళే మందు, మిగతాది దాన్ని మోసుకుపోయే సంచి. నా లెక్కలో కూడికలో, భాగహారంలో తప్పు లేదు. తీసేసిన అంకె దగ్గరే తప్పు జరిగింది.

బిల్లు మీద బేరమాడలేదని రాస్తే నాకు మర్యాదగా ఉంటుంది. ఆడాను. నోరు అలవాటుగా తెరుచుకుంది: "ఏమన్న తగ్గించమ్మా." గొట్టం, సెలైన్, మందులు, రక్తపరీక్ష, చేర్చేటప్పుడు అంచనాగా రాసిన రెండు రాత్రుల బెడ్ చార్జీ, అన్నీ కలిపి నాలుగు వేల రెండు వందలు. ఆమె కాగితం తన వైపు తిప్పుకుని ఒక రాత్రిని కొట్టేసింది. "రెండో రాత్రి లేదు కదండి" అంది. మూడు వేల ఎనిమిది వందలు. కట్టాను.