చప్పుడు లేని ఫ్యాను, ఎండని గంజి

ఇది ఒక మహాయుద్ధం కథ. రాయలసీమ మండుటెండలో, ఇనుప కోట తలుపులు బద్దలుకొట్టి, లోపల గర్జించే మృగాన్ని మూడు తరాల మగవాళ్లు ఒక్కటై లొంగదీసుకున్న వీరగాథ.

ఇంతవరకు రాసి చదువుకుంటే నాకే నమ్మకం కుదరలేదు. ఇది కంప్యూటర్లో ఫ్యాను మార్చిన సంగతి. ఇనుప కోట అంటే క్యాబినెట్. దాని తలుపుకు రెండే స్క్రూలు, అందులో ఒకటి అప్పటికే లేదు.

మాది ఎమ్మిగనూరులో ఒక నేత ఇల్లు. ఇంటికి ముందు గది ఒకటి, వంటిల్లు ఒకటి. ముందు గదిలో ఒకప్పుడు మా నాయన నాయన, అంటే జేజినాయన, మగ్గం నేసేవాడు. పక్షవాతంతో కుడిపక్క పడిపోయాక మగ్గం విప్పేశాం. మగ్గం గుంటను కడప బండలతో మూసి, దానిమీద బల్ల వేసి, ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ తెచ్చి పెట్టాను. చీరల అంచులకు గళ్ల కాగితం మీద గీసే డిజైన్లను అందులో గీసేవాణ్ణి. బల్లకు నాలుగు మూరల దూరంలో జేజినాయన మంచం. నాయన, అమ్మ పొద్దున్నే పక్క వీధిలోని మగ్గాల షెడ్డుకు పోయేవాళ్లు. పగలంతా ఇంట్లో ఆయన, నేను, ఆ ఫ్యాను.

ఫ్యాను అంటే ప్రాసెసర్ మీద కూర్చుని దాన్ని చల్లబరిచేది. అరచేతిలో సగం ఉంటుంది. చప్పుడు మాత్రం జొన్నలు పట్టే మరంత. మగ్గానికి వేసే నూనె ఒక చుక్క వేసి చూశాను. మూడు రోజులు ఊరుకుంది. తర్వాత ఆ నూనెకు ఊళ్లో దుమ్మంతా అంటుకుని, ఈసారి గొంతు మార్చి పాడింది.

జేజినాయనకు చేయితోపాటు గొంతూ పోయింది. పూర్తిగా కాదు. పక్కన కూర్చుంటే వినబడేంత మిగిలింది. ఏప్రిల్లో ఒకరోజు ఆయన పిలిచి ఉంటాడు. ఎన్నిసార్లు పిలిచాడో తెలియదు. నేను నాలుగు మూరల దూరంలో కూర్చుని నెమలి అంచుకు కన్ను గీస్తున్నాను. తిరిగి చూసేసరికి పంచె తడిసి ఉంది, ఆయన మొహం గోడవైపు ఉంది.

పంచె మార్చాను. బొంత ఎండకు వేశాను. వచ్చి కూర్చుని నెమలి కన్ను పూర్తిచేశాను. ఏమీ అనిపించలేదు. అనిపించనందుకు ఏమైనా అనిపిస్తుందేమో అని కాసేపు ఆగి చూశాను. అదీ లేదు.

ఆ రోజు నుంచి ఆయన పిలవడం మానేశాడు. పిలవడమే కాదు, మాట్లాడటమే మానేశాడు. నీళ్లు కావాలన్నా అడగడు. మేము ఇచ్చినప్పుడు తాగుతాడు, ఇవ్వకపోతే లేదు.

"చప్పుడు లేని ఫ్యాను దెస్తా," అన్నాను అమ్మతో.

"దుడ్లు పోసి చప్పుడు లేకపోయేది కొంటావా? ఆయప్ప పిలుస్తే గదరా నువ్వు ఇనేది," అంది అమ్మ.

అమ్మ మాటలో తప్పు లేదు. అయినా నాకు తెలిసిన మందు అదొక్కటే.

కొత్తది లోపల పడుతుందో లేదో కొలుచుకోవాలి కదా. నేత ఇంట్లో టేపు ఉండదు, నూలు ఉంటుంది. క్యాబినెట్ లోపలి ఎత్తుకు, వెడల్పుకు రెండు పోగులు కొలిచి, చివర ముళ్లు వేసి, జేబులో పెట్టుకుని కర్నూలు బస్సెక్కాను.

కర్నూల్లో నేను దిగేసరికి కరెంటు లేదు. కంప్యూటర్ సామాన్ల అంగడి ముందు జనరేటర్ దడదడమంటోంది. అంగడాయన నలభై ఏళ్ల మనిషి, చెమట తుడుచుకుంటూ అడిగాడు.

"ఏం గావాలప్పా?"

"ప్రాసెసర్ కూలర్. చప్పుడు ఉండగూడదు."

"చప్పుడు ఉండగూడదంటే కంప్యూటర్ ఆపి పెట్టుకో. శానా మంచిది, కరెంటూ మిగులుతాది."

నాలాంటివాడే అన్నమాట. కొంచెం ఇబ్బందిగా అనిపించింది. జోకు వేసేవాడి ముందు నిలబడటం ఎలా ఉంటుందో మా ఇంట్లోవాళ్లకు రోజూ తెలుసు.

ఒక కూలర్ తీసి, తీగలు తగిలించి, నా చెవి దగ్గర పెట్టాడు. "ఇనపడతాండాదా?"

"లేదు."

"అదీ!"

ఇంకొకటి పెట్టాడు. అదీ వినబడలేదు. మూడోదీ అంతే. ఆ జనరేటర్ పక్కన రైలింజను పెట్టినా వినబడదు. ఈ సంగతి అతనికీ తెలుసు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఏమప్పా, కూర్చున్నావే?"

"కరెంటు వచ్చినాక వింటా."

"ఎప్పుడొస్తాదో ఎవరికి తెలుసు?"

"నాకేం పని లేదు."

రెండు టీలు తాగాక కరెంటు వచ్చింది. జనరేటర్ ఆగింది. అప్పుడు ఒక్కొక్కటే మళ్లీ పెట్టించుకున్నాను. మొదటిది దోమ. రెండోది కొంచెం పెద్ద దోమ. మూడోదానికి రెక్కలు పెద్దవి, మెల్లగా తిరుగుతున్నాయి. గాలి మొహానికి తగిలింది గాని చప్పుడు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

"పెద్ద రెక్క నిదానంగ తిరిగినా గాలి అంతే వస్తాది," అన్నాడతను, ఈసారి జోకు లేకుండా. "కానీ ఇది ఎత్తు. నీ డబ్బాలో పడతాదా?"

నేను జేబులోంచి ముళ్ల పోగులు తీసి కూలర్ పక్కన పట్టాను. ముడి కంటే వేలెడు తక్కువే వచ్చింది.

"చీర కొలుస్తాండావా అప్పా?" అన్నాడు. అయినా పోగును రెండుసార్లు చూశాడు.

బిగించే రోజు మే నెలలో ఒక సెలవు. నాయన ఇంట్లోనే ఉన్నాడు. పెద్ద కూలర్ కాబట్టి లోపలి బోర్డు మొత్తం విప్పి, వెనక ఒక పట్టీ పెట్టాలి. కడప బండల మీద దుప్పటి పరిచి అన్నీ విప్పాం. మంచం మీంచి జేజినాయన చూస్తున్నాడు. చూడటానికి ఇంకేమీ లేదు కూడా.

కూలర్తోపాటు చిన్న గొట్టంలో తెల్లటి పేస్టు ఇచ్చారు. వేడి ఒకదాన్నుంచి ఇంకొకదానికి దిగడానికి మధ్యలో పలచగా పూయాలి. నేను కూలర్ అడుగున పూస్తున్నాను. అప్పుడు మంచం మీంచి గాలి లాంటి గొంతు.

"ఏందిరా అది? గంజా?"

నాయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. నేను తలెత్తకుండానే, అలవాటు కొద్దీ, "ఔ జేజినాయనా, గంజే," అన్నాను.

అది జోకు. జీవితంలో వేయకుండా ఉండాల్సిన జోకుల్లో ఒకటి. ఎందుకంటే మా ఇళ్లలో గంజికి ఒక పద్ధతి ఉంది. పడుగు పోగులకు గంజి పెట్టాక ఎండబెట్టకుండా మగ్గానికి ఎక్కించరు. జేజినాయన అరవై ఏళ్లు ఆ పద్ధతి తప్పలేదు.

"ఎండబెట్టల్ల," అన్నాడు.

"ఇది ఎండబెట్టేది కాదు నాయనా," అన్నాను మా నాయన చెవిలో. "తడిగానే బిగించాల. నేను ఊరికే అన్నా."

నాయన నావైపు చూడలేదు. "ఆయప్ప నోరు తెరిచి పదైదు దినాలైంది," అన్నాడు. "ఎండబెట్టు."

కూలర్ను పళ్లెంలో పెట్టుకుని మిద్దె ఎక్కాను. మే నెల ఎండలో, వడియాల పక్కన, పేస్టు పైకి వచ్చేలా తిరగేసి పెట్టాను.

పావుగంటకు కింద నుంచి, "రేయ్, ఎండిందా?"

కంప్యూటర్ ఆపి ఉంది కాబట్టి ఆ గొంతు మెట్లదాకా వచ్చింది. పోయి వేలితో ముట్టి చూశాను. తడి. పేస్టుకు ఎండే అలవాటు లేదు. దుమ్ము మాత్రం పట్టడం మొదలైంది.

"ఇంకా లేదు జేజినాయనా."

మళ్లీ కాసేపటికి, "రేయ్, తిప్పి ఏసినావా?"

"ఏసినా." వేయలేదు. తిప్పితే పళ్లేనికి పేస్టు అంటుతుంది.

"తడి మీద ఎక్కిస్తే అతుక్కుంటాది, చూసుకో."

అతుక్కోవాలనే కదా పూసింది. అమ్మ వంటింటి గడపలో చాట పట్టుకుని నిలబడిపోయింది. నాయన ఖాళీ క్యాబినెట్ను బట్టతో తుడుస్తూ కూర్చున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు. నేను మిద్దె మీదికి ఆరుసార్లు ఎక్కి దిగాను. మోకాళ్లు నొప్పి పుట్టాయి. ఆ రోజు నాకు స్పష్టంగా తెలిసిన భావం అదొక్కటే.

మూడు గంటలకు ఆ ఎర్ర దుమ్ము పేస్టును కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా తుడిచేసి, కూలర్ను కిందికి తెచ్చాను. చల్లబరచాల్సిన వస్తువు చేతులు కాలేలా ఉంది. జేజినాయన ముట్టి చూస్తానన్నాడు. ఎడమచేతికి పక్క రేకులు అందించాను. చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఎండింది," అన్నాడు. "ఇప్పుడు ఎక్కియ్."

గది కప్పుకున్న ఫ్యాను కింద పెట్టి దాన్ని చల్లార్చాం. గొట్టంలో మిగిలిన పేస్టును నేను మంచానికి వీపు పెట్టి, దొంగలా పూశాను. స్క్రూలు నాయన బిగించాడు. ఒకదాన్ని రెండు చుట్లు, దానికి ఎదురు మూలది రెండు చుట్లు. "ఒకపక్కనే లాగితే వంకర పోతాది," అన్నాడు. అంగడాయన నాకు చెప్పిన పద్ధతీ అదే. నాయనకు ఎవరూ చెప్పలేదు.

స్విచ్ వేశాను. ఏమీ వినబడలేదు.

"చెడగొట్టినారు," అంది అమ్మ.

తెర వెలిగింది. రెక్కలు తిరుగుతున్నాయి. నలుగురం అలాగే ఉన్నాం. పై ఫ్యాను టక్కుటక్కుమంటోంది. ఎక్కడో మగ్గం ఆడుతోంది. జేజినాయన ఊపిరి తీసినప్పుడల్లా ఈల లాంటి చప్పుడొకటి వస్తోంది. అది ఎప్పటినుంచి వస్తోందో మాలో ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం ఆయన పిలవలేదు. గంజి ఎండిపోయింది, అడగడానికి ఇంకేముంది? పనంతా దండగైందని అనుకున్నాను. మరుసటి రోజు పొద్దున, నాయన, అమ్మ షెడ్డుకు పోయాక, నేను అంచుకు చిలక ముక్కు గీస్తున్నాను.

"రేయ్."

లేచి, మంచం కింది ఉచ్చ డబ్బా తీసుకుని పోయాను.

"అది గాదు. నీళ్లు."

నీళ్లు ఇచ్చాను. తాగాడు. పోయి కూర్చున్నాను. చిలక ముక్కు రెండు గళ్లు పొడుగు వచ్చింది, చెరిపేశాను.

"రేయ్."

ఈసారి డబ్బాకే.

ఆ రోజు పదకొండుసార్లు పిలిచాడు. పని సగం కూడా సాగలేదు. మరుసటి రోజు తొమ్మిదిసార్లు. అలా కార్తీకం దాకా పిలిచాడు. ప్రతిసారీ వినబడింది.

ఆ కూలర్ ఇప్పటికీ తిరుగుతోంది. రేకుల మధ్య దుమ్ము పడుతుంది కాబట్టి రెండు నెలలకొకసారి తుడవాలి. దానికి అంగుళం పెయింటు బ్రష్ సరిపోతుంది.