నానమ్మ గింజ చెట్లు

మా నానమ్మ లువాన్ షూఝెన్ పుట్టింటి వాకిట్లో హైతాంగ్ అని, ఆపిల్ జాతి పూలచెట్టు ఉండేది. వసంతంలో ముద్దగా, ముదురు గులాబీ రంగులో పూసేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని కొట్టేశారు. అది చివరిసారి కాసిన పుల్లటి కాయల్ని నానమ్మ జేబులో వేసుకొచ్చింది. నేనూ అన్నా తిని ఉమ్మిన గింజల్ని వంగి వంగి ఏరుకుంది.

వాటిని తడి ఇసుకలో కలిపి, ఊరగాయ జాడీకెత్తి, ఉత్తరపు గోడ పక్కన మంచు కరగని చోట పాతిపెట్టింది. చలి బాగా తగిలితేగాని ఆ గింజలు మొలకెత్తవు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నడి చలికాలంలో అమ్మ ఆ జాడీని ఊరగాయే అనుకుని తవ్వి తెచ్చి, అట్లలోకి వడ్డించడానికి మూత తీసింది.

“అత్తయ్యా, ఈసారి ఆవకూర ఇసుకలో ఊరేశారా?”

“నీ వంట కంటే నయమే. తీసుకెళ్లి మళ్లీ పాతెయ్.”

వసంతంలో మొలకలొచ్చాయి. నానమ్మ పెరట్లో ఒక వరస నాటి, అన్నిటికంటే ముందు మొలిచినదానికి ఎర్రదారం కట్టింది. అచ్చం వాళ్లమ్మ చెట్టులా పూసేది అదేనట.

పెరడు సగం చిన్నతాతది. తాత తమ్ముడు షీ కుయ్, పూలచెట్లకు అంట్లు కట్టి పట్నం పార్కులకు అమ్ముతాడు. మా ఊళ్లో గింజ చెట్టును పూసేదాకా ఎవరూ ఉంచరు, తల కోసి మంచి రంగు చెట్టు కొమ్మ కడతారు.

“వదినా, గింజ చెట్టు తల్లిలా పుయ్యదు. అది పూసేదాకా నువ్వుండొద్దూ?”

“చింగ్‌మింగ్ పండక్కి నా సమాధి ఊడవడానికొస్తావుగా, ఏ రంగో అప్పుడు చెబుదువుగాని.”

ఆరేళ్లు ఆగాడు. ఏడో ఏడు, నేను బడి మానేసిన ఏడు, రంపం పట్టుకొచ్చాడు. ఒక్క పూమొగ్గయినా లేకపోతే వరసంతా కోసేస్తానన్నాడు. నానమ్మ ఎర్రదారం చెట్టుకి అడ్డంగా నిలబడింది. దానికున్నవన్నీ ఆకు మొగ్గలే. చిన్నతాత ఒక్కొక్కటీ చూసుకుంటూ వరస చివర, కోడిగూటి పక్కనున్న వంకర చెట్టు దగ్గర ఆగాడు. నానమ్మ దానిమీద ఇల్లు తుడిచే గుడ్డలు ఆరేసేది.

“గుడ్డలు తియ్యి వదినా. దీని మొగ్గలు లావుగా ఉన్నాయి.”

రంపం పక్కన పెట్టాడు. మిగతావాటికి వేసవి చివర అంట్లు కడతానని వెళ్లిపోయాడు.

ఆ వసంతంలో చింగ్‌మింగ్ నాటికి వంకర చెట్టు పూసింది. అయిదే రేకులు, తెలుపు, అంచున గులాబీ ఉందో లేదో అన్నట్టు.

“పార్కువాళ్లకిస్తే ఎదురు తిడతారు,” అన్నాడు చిన్నతాత.

నానమ్మ చాలాసేపు చూసింది. “మా అమ్మ చెట్టు కాదు,” అంది. తర్వాత నావైపు తిరిగింది. “నువ్వు పుట్టినప్పుడూ ఇంతే. ఎవరి పోలికో అర్థం కాలేదు.”

“తర్వాత?”

“అలవాటైపోయింది.”

వేసవి చివర చిన్నతాత గులాబీ రంగు హైతాంగ్ కొమ్మల కట్టతో వచ్చాడు. నానమ్మ వంకర చెట్టు కొమ్మ ఒకటి తుంచి అతని చేతిలో పెట్టింది.

“వాటికి దీని మొగ్గలే అంటు కట్టు.”

“అమ్ముడుపోవు వదినా.”

“అమ్మమని ఎవరన్నారు?”

గొణుక్కుంటూనే కత్తి తీశాడు. సాయంత్రానికి వరస పూర్తయింది. ఎర్రదారం చెట్టు జోలికి మాత్రం నానమ్మ పోనివ్వలేదు. అది ఇంకా పూయలేదు.